కుడివైపు కప్పు

సంచీ సర్దడం పొద్దున్న ఆరింటికి మొదలైంది. తొమ్మిదిన్నర అయ్యేసరికి సంచీ సైకిలుకన్నా బరువెక్కింది.

"అక్కా, నేను వెళ్ళేది రెండు రోజులకే. దండయాత్రకు కాదు," అన్నాడు తమ్ముడు, గుమ్మంలో నిలబడి తల తుడుచుకుంటూ.

"రెండు రోజులకని వెళ్ళినవాళ్ళని చాలామందిని చూశాన్లే," అంది అక్క తలెత్తకుండా.

రెండు అదనపు టైర్లు, వాటిని రిమ్ముకి అంటించే జిగురు డబ్బా, టైరు చిరిగితే కుట్టుకోవడానికి సూదీ మైనపు దారం, ఒక స్వెట్టరు, మూడు జతల మేజోళ్ళు, జ్వరానికి మాత్రలు, దెబ్బలకి పట్టీలు. ఇంటి చిరునామా రాసిన కాగితాలు నాలుగు, జేబుకొకటి చొప్పున. ఇంత బరువు కింద అద్దం ఎక్కడ పగులుతుందోనని ఫోనుని ఒక మందపాటి మేజోడులో దూర్చి సంచీ అడుగున పెట్టింది.

"నయం, నన్ను కూడా మడతపెట్టి పెట్టలేదు వదిన," అంది మరదలు, టీ గ్లాసులు తెస్తూ.

"నువ్వు పట్టవు," అన్నాడు తమ్ముడు.

"నోరు కూడా సర్దమంటారా వదినా, ఈయనది?"

అక్క నవ్వలేదు. మేజోళ్ళు మళ్ళీ లెక్కపెడుతోంది. ఆవిడకి అరవై ఆరేళ్ళు. పంతొమ్మిదో ఏట ఒక మధ్యాహ్నం వాళ్ళ నాన్న రిమ్ములు కొనుక్కురావడానికి పక్క ఊరు బయల్దేరాడు. "సాయంత్రానికి వచ్చేస్తా" అని చేతులూపుకుంటూ వెళ్ళాడు. ఆయన బదులు కబురొచ్చింది. పెళ్ళయిన రెండేళ్ళకి భర్త ఓడలో పనికి వెళ్ళాడు. మూడు ఉత్తరాలు రాశాడు. నాలుగోది ఇంకా రావాలి. అప్పట్నుంచీ ఇంట్లోంచి ఎవరు బయటికి అడుగు పెట్టినా వాళ్ళ సంచీ అక్కే సర్దాలి. తను మాత్రం ఊరి చివరి వంతెన దాటి ముప్పై ఒక్కేళ్ళయింది. ఎందుకు దాటవని అడిగితే, "పోయేవాళ్ళు చాలరా, నేను కూడానా?" అంటుంది.

తమ్ముడు వెళ్తున్నది పాత చక్రాల యాత్రకు. నలభై ఏళ్ళు దాటిన రేసు సైకిళ్ళకే అందులో ప్రవేశం. గేర్లు మార్చే మీటలు హ్యాండిలు మీద కాదు, కింది గొట్టం మీద ఉండాలి. బ్రేకు తీగలు హ్యాండిల్లోంచి పైకి విల్లులా వంగి కనిపించాలి. తొంభై ఆరు కిలోమీటర్లు, మధ్యలో ఒక కనుమ. వయసులో ఉండగా తమ్ముడు రేసులు తొక్కాడు. ఎన్ని తొక్కినా నాలుగోవాడుగానే వచ్చేవాడు. బరిలో ఇరవైమంది ఉన్నా నాలుగోవాడే, అయిదుగురే ఉన్నా నాలుగోవాడే.

సంచీ తాడు బిగిస్తూ అతను అన్నాడు: "అన్నట్టు పెడళ్ళ ఇరుసు దగ్గరి మన మొండి కప్పు ఇవాళ కదిలిందే. పొద్దున్నే లేచి ఆఖరిసారి అన్నీ బిగించి చూశా. పెద్ద పానా తగిలించి ఒక్క పట్టు పట్టానా, పావు చుట్టు బిగుసుకుంది! లూజుగా ఉన్నట్టేగా ఇన్నాళ్ళూ? రెండోవైపు కప్పు కాస్త సర్ది బిగింపు రింగు వేసేశా. ఇప్పుడు రాయి."

"సరే సరే. టోపీ పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

"ఏదీ?"

తల మీదున్న టోపీని చూపించాడు.

పదిన్నరకి అతను, సంచీ, సైకిలు రైల్వే స్టేషను దారి పట్టారు. వీధి మలుపు తిరిగేదాకా అక్క గుమ్మంలోనే నిలబడింది. తిరిగాక కూడా కాసేపు నిలబడింది.

ఆ సైకిలు ఇంటికి వచ్చి నాలుగు నెలలు. పాత ఇనుము కొనేవాడు వీపు మీద వేసుకుని తెచ్చాడు. తలుపులకి వేసే ముదురాకుపచ్చ రంగు దాని మీద మూడు పూతలు. అది చూసి మరదలు, "ఇది సైకిలా, కిటికీ ఊచా?" అంది. తమ్ముడు పెదవి విరిచాడు. అక్క మటుకు మెడలో దారానికి వేలాడే భూతద్దం తీసి, వెనక చక్రం దూరే చీలిక దగ్గర ముక్కు ఆనించి, అక్కడ గోటితో గీకి, "లోపలికి తీసుకురా," అంది.

వీధిలో అందరూ ఆవిడని భూతద్దం అనే పిలుస్తారు. చదివింది అయిదో తరగతి. మిగతాదంతా నాన్న పెట్టిన సైకిలు షాపులోనే. విడిభాగాలు చుట్టి వచ్చే పాత రేసు పత్రికలు, నాన్న దాచిన కేటలాగులు, కాగితం దొరికితే చాలు, నూనె మరకల కింద అక్షరాన్ని కూడా వదిలేది కాదు. తమ్ముడిది చెయ్యి, అక్కది కన్ను. అతుకు వెయ్యడం, వంపు తియ్యడం, బిగించడం అతని పని. ఏ సైకిలు ఎప్పటిది, ఎవరి చేతిది, ఏ ముక్క దాంతో పుట్టింది, ఏది తర్వాత వచ్చి చేరింది అన్నది తేల్చడం ఆవిడ పని.

మూడు వారాలు ఆవిడ ఆ రంగుతోనే కాపురం చేసింది. తమ్ముడు మందు పూసి ఒక్కసారిగా ఊడదీసి ఎర్రరంగు కొట్టేద్దామన్నాడు.

"ఎరుపైతే జనం చూస్తార్రా అని కదూ నీ ఉబలాటం? దాని పుట్టుక దాని ఒంటి మీదుంది. తోలు వలిచి పెళ్ళిచూపులకి కూర్చోబెడతానంటావేం?"

అరచెయ్యంత మేర మందు పూసి, మెత్తబడ్డాక చెక్క పుల్లతో తీసి, గుడ్డతో తుడిచి, ఇంకో అరచెయ్యంత. ఆకుపచ్చ కింద గోధుమరంగు, దాని కింద నలుపు, దాని కింద, పాత సంచీలోంచి పట్టుగుడ్డ బయటపడ్డట్టు, లేత నీలం. గొట్టాలు కలిసేచోట ఉక్కు తొడుగుల అంచులు ఆకు కొసల్లా పలచగా అరగదీసి ఉన్నాయి. వెనక ఇరుసు నట్టు మీద రెండంకెల సంవత్సరం దొరికింది. పెడలు తగిలించే క్రాంకు వెనకాల ఇంకో గుర్తు. రెండిటికీ ఏడాది తేడా. "కవలలు కాదు కానీ వెంటవెంట కాన్పుల వాళ్ళు," అంది అక్క.

అసలు పోట్లాట వచ్చింది ఫ్రేము దగ్గర. అక్క అది ఇటలీ ఫ్రేమంది. తమ్ముడు ఇంగ్లీషుదన్నాడు.

"ముందు ఫోర్కు మరలు చూడు, ఇంగ్లీషు కొలత."

"ఫోర్కు దానిది కాదు. దాని మీద నంబరు వేరు, కింద నంబరు వేరు. ఎప్పుడో గుద్దుకుని ఉంటుంది, ఎవరో మార్చారు. తల ఒకరిది, మొండెం ఒకరిది."

"నలభై ఏళ్ళలో ఈ షాపుకి ఒక్క ఇటలీది వచ్చిందా?"

"రాలేదు కాబట్టి ఇక రాదనా?" అని అక్క కొలబద్ద పట్టుకుంది. పెడళ్ళ ఇరుసు తిరిగే అడ్డ గొట్టం ఇంగ్లీషు ఫ్రేముకైతే అరవై ఎనిమిది మిల్లీమీటర్లు, ఇటలీదానికైతే డెబ్బై. కొలిచింది. డెబ్బై. నోటుపుస్తకంలో రాసింది.

తమ్ముడు పడీపడీ నవ్వాడు. "అక్కా, అటూ ఇటూ మూడేసి పూతల రంగు మీద కొలిచావు! రంగు తీసేస్తే అరవై ఎనిమిదే. తలుపు మందం కూడా దర్వాజాతో కలిపి కొలుస్తావా ఏం?"

అక్క చిన్నబోయింది. రంగు మీద కొలిచిన మాట నిజమే. రంగు పోయాక కొలుద్దామనుకుంది. రంగు పోయాక ఆ నీలం చూసుకుని మురిసిపోవడంలోనే మర్చిపోయింది.

ఆ గొట్టానికి రెండు కొసలా రెండు ఉక్కు కప్పులుంటాయి. వాటి మధ్య గోళీలు, గోళీల మధ్య ఇరుసు. ఎడమవైపు కప్పు తేలిగ్గానే వచ్చింది. కుడివైపుది రాలేదు. తమ్ముడు మూడు వారాలు దానికి నూనె తాగించాడు. వేడి చేశాడు. పానాకి మూరెడు పైపు తొడిగి వేలాడాడు. "ఇది అమ్మ కడుపులోంచి అంటుకుపోయి పుట్టింది," అని ఆఖరికి దాన్ని అక్కడే వదిలేసి, లోపల కిరసనాయిలుతో కడిగి, కొత్త గోళీలు, కొత్త గ్రీజు వేసి బిగించేశాడు. అలా వదిలెయ్యడం తప్పేమీ కాదు. అరగకపోతే ఆ కప్పుని ఎవరూ కదపరు.

తమ్ముడు వెళ్ళిన సాయంత్రం అయిదింటికి అక్క షాపులో పానాలు సర్దుతోంది. గోడమీద ప్రతి పానాకి దాని ఆకారంలోనే గీత గీసి ఉంటుంది. దేని చోటు దానిది. పెద్ద పానా తన గీతలో ఇమడలేదు. తమ్ముడు దాన్ని తిరగేసి తగిలించి వెళ్ళాడు. ఆవిడ దాన్ని తీసి చేత్తో పట్టుకుంది. పొద్దున్న విన్న మాట అప్పుడు చెవిలో పడింది.

కదిలిందే. పావు చుట్టు బిగుసుకుంది.

అక్క స్టూలు మీద కూర్చుంది. పానాని గాల్లో ఒకసారి ఎడమకి తిప్పింది. ఒకసారి కుడికి తిప్పింది. ఇంగ్లీషు ఫ్రేముకి కుడి కప్పు మర ఎదురుగా ఉంటుంది. లోకంలో అన్నీ కుడికి తిప్పితే బిగుసుకుంటే అదొక్కటి ఎడమకి తిప్పితే బిగుసుకుంటుంది. ఇటలీవాళ్ళు ఆ తిరకాసు పెట్టుకోలేదు. వాళ్ళకి రెండు కప్పులూ కుడికే బిగుస్తాయి. తమ్ముడి చేతికి నలభై ఏళ్ళుగా తెలిసింది ఇంగ్లీషు పద్ధతి. ఊడదీయాలని మూడు వారాలపాటు కుడికే లాగాడు. కదల్లేదు. ఇవాళ బిగిద్దామని ఎడమకి లాగాడు. కదిలింది.

ఊడటానికి ససేమిరా అన్న కప్పు, బిగించబోతే ఒక్క పట్టుకే కదులుతుందా? తుప్పుకి అంత వివేకం ఉంటుందా?

మూడు వారాలు వాడు దాన్ని బిగించాడు. ఇవాళ ఊడదీశాడు.

"అమ్మాయ్!" అని కేక పెట్టింది. మరదలు పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "అది ఇటలీదే! డెబ్బయ్యే!"

"సంతోషం వదినా. దానికి ఏడుస్తారెందుకు?"

అక్క పానా చూపిస్తూ చెప్పింది. మరదలికి మరల సంగతి అంతగా ఎక్కలేదు కానీ ఆఖరిమాట, ఇవాళ ఊడదీశాడన్నది, ఎక్కింది.

"అంటే?"

"అంటే ఒకసారి వదులైందా, తొక్కినకొద్దీ ఇంకా ఊడుతుంది. బల్లపరుపు రోడ్డు మీద టకటక మంటుంది. కనుమ ఎక్కేటప్పుడు వీడు కూర్చుని తొక్కుతాడా? లేచి నిలబడి ఊగుతాడు. క్రాంకు పక్కకి వాలి, చైను ఊడి, ఎక్కడో చిక్కుకుని..." పక్కన లోయ ఉంటుందన్న మాట ఆవిడ అనలేదు. అయినా మరదలు చేతులు కొంగుకి తుడుచుకోవడం మర్చిపోయి నిలబడిపోయింది.

ఫోను చేశారు. మోగింది. పదిసార్లు చేస్తే పదిసార్లూ మోగింది, ఎక్కడో ఒక మేజోడులో, రెండు టైర్లు, ఒక స్వెట్టరు కింద. "అంత జాగ్రత్తగా ఎవరు సర్దమన్నారు వదినా!" అంది మరదలు. యాత్ర కాగితం మీదున్న నంబరుకి చేశారు. ఎవరూ ఎత్తలేదు.

"నేను వెళ్తా," అంది మరదలు.

"నీకు పానా పట్టడం వచ్చా?"

"రాదు. మీకు బస్సెక్కడం వచ్చా?"

అక్క కాగితం తన వైపు లాక్కుంది. యాత్ర కాగితం మీద దారి బొమ్మ ఉంది. భూతద్దం పెట్టి చూసింది. పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరతారు. వాళ్ళు బయల్దేరే ఊరికి అప్పటికి చేరే బస్సు లేదు. పన్నెండింటికి కనుమ కింద ఊరిలో భోజనానికి ఆగుతారు. ఆ ఊరికి ఇక్కణ్ణుంచి నేరుగా అయిదున్నర బస్సుంది, పదకొండుకి చేరుతుంది. ఆ ఊరు దాటితే కనుమ ఎక్కడమే.

శనివారం తెల్లవారుతూనే కట్టుబట్టలతో బయల్దేరింది. సంచీలో బట్టలకి చోటెక్కడిది? కప్పు పానా, రింగు పానా, క్రాంకు లాగే పనిముట్టు, సుత్తి, గుడ్డపేలికలు, సీసాలో కిరసనాయిలు. మరదలు బస్టాండుదాకా వచ్చి సంచీ అందించి, "వదినా, కిటికీ పక్కన కూర్చోకండి, దిగిపోవాలనిపిస్తుంది," అంది.

కండక్టరు ఆ సంచీని కాలితో జరపబోయి కాలు పట్టుకున్నాడు. "ఏముందమ్మా ఇందులో, బంగారమా?"

"పానాలు."

"ఎవరి పళ్ళు పీకడానికి?"

"మా తమ్ముడివి," అంది అక్క.

వంతెన వచ్చినప్పుడు కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి వంతెన ఎప్పుడో వెనక్కి పోయింది. చెట్లు, గోడౌన్లు, బడికి సెలవైనా సంచీలేసుకు తిరుగుతున్న పిల్లలు కనిపించారు. ముప్పై ఒక్కేళ్ళుగా అక్కడ ఏముంటుందో అని భయపడిన చోట మోటారు రిపేరు షాపు ఒకటుంది, దాని ముందు ఒకాయన టైరులో గాలి కొడుతున్నాడు. అక్కకి కొంచెం అవమానమనిపించింది.

కనుమ కింద ఊరిలో, మూతపడ్డ సినిమాహాలు ముందర ఖాళీ స్థలంలో బల్లలు వేశారు. రొట్టెలు, ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు. మధ్యలో ఒక పెద్దావిడ, డెబ్బై ఉంటాయి, మెడలో రెండు స్టాపువాచీలు, చేతిలో అట్ట, నోట్లో పెన్సిలు. అక్కడివాళ్ళు ఆవిడని గడియారం అంటున్నారు, ఎదురుగానే.

"మా తమ్ముడు కావాలి," అంది అక్క. "కనుమ ఎక్కకముందే ఆపాలి."

"నంబరెంత?"

"నంబరు తెలీదు. అరవై ఏళ్ళు, మీసాలు."

గడియారం పెన్సిలు నోట్లోంచి తీసింది. "చూడమ్మా, ఈ యాత్రలో సగంమందికి అరవై ఏళ్ళు. ముప్పాతికమందికి మీసాలు."

"సైకిలు ఇటలీది. లేత నీలం. ఫోర్కు మాత్రం ఇంగ్లీషుది. తొడుగులు ఆకుకొసలు. వెనక ఇరుసు క్రాంకుకన్నా ఏడాది పెద్దది."

గడియారం ఈసారి మనిషిని చూసింది. "కూర్చో చెల్లీ," అని తన కుర్చీ జరిపింది.

పదకొండున్నరకి మొదటివాళ్ళు వచ్చారు. పన్నెండుకి ముప్పైమంది. అక్క రోడ్డు వైపే చూద్దామనుకుంది కానీ అన్ని సైకిళ్ళు ఎదురుగా పెట్టుకుని కళ్ళు ఊరుకుంటాయా? "బాబూ, నీ క్రాంకు ఫ్రేముకన్నా నాలుగేళ్ళు చిన్నది, ఎవరో అంటగట్టారు." "అయ్యా, మీ వెనక బ్రేకు ముందుకి, ముందు బ్రేకు వెనక్కి వేశారు." పొట్టాయన ఒకడు తన సైకిలు ఫలానా పెద్ద రేసుకోసమే ప్రత్యేకంగా చేసినదని అందరికీ చెప్పుకుంటున్నాడు. అక్క ఒంగి కింద నంబరు చదివి, "చాలా మంచి సైకిలండీ. కానీ ఇలాంటివి ఆ ఏడు పదివేలు చేసుంటారు," అంది. పొట్టాయన గుడ్డు గొంతులో అడ్డుపడి దగ్గాడు. గడియారం అట్ట చాటున నవ్వు దాచుకుంది.

పన్నెండున్నర. యాభైమంది వచ్చారు. తమ్ముడు లేడు. పావు తక్కువ ఒంటిగంట. అరవైమంది. అక్క నవ్వించడం మానేసింది. నాన్న వెళ్ళిన మధ్యాహ్నం కూడా ఇలాగే ఎండ, ఇలాగే అందరూ తింటూ మాట్లాడుకుంటూ ఉన్నారు. వచ్చే ప్రతివాడినీ అడిగింది. ఒకడన్నాడు, "నీలం సైకిలాయనా? కాలవ దగ్గర ఆగాడండీ. ఏదో చప్పుడొస్తోందని."

"కనుమ ఇంకోవైపు నుంచి కూడా ఎక్కొచ్చా?"

"ఇటే రావాలి," అంది గడియారం. ఆవిడ పెన్సిలు కదపడంలేదు. "ఎవరైనా సరే నా ముందునుంచే పోవాలి. నలభై రెండేళ్ళుగా ఎవరూ నన్ను దాటి పోలేదు."

ఒంటిగంట దాటి పది నిమిషాలకి మలుపులో ఒక టోపీ కనిపించింది. టోపీ కింద తమ్ముడు, వీపుకి చొక్కా అంటుకుపోయి, కుడికాలు పక్కకి విసురుతూ తొక్కుతున్నాడు. కిందనుంచి టక్కు, టక్కు, టక్కు. బల్లల వైపు చూడకుండా కనుమ దారి వైపే తిప్పేశాడు.

"ఆగరా!"

బ్రేకులు రెండూ ఒక్కసారి పట్టాడు. సైకిలు ఆగింది. అతను అక్కని చూశాడు, అక్క వెనకాల చూశాడు, మళ్ళీ అక్కని చూశాడు.

"ఎలా వచ్చావు?"

"బస్సులో."

"ఎవరితో?"

"కండక్టరుతో."

"నువ్వు బస్సెక్కావా?" టోపీ తీసేశాడు. "ఏమైంది? ఎవరికేమైంది? ఇంట్లో..."

"ఎవరికీ ఏమీ కాలేదు. కాకముందే వచ్చా. దిగు."

"దిగడానికి లేదక్కా, అసలే ఆలస్యమైంది. ఎడమ కప్పు కొంచెం లూజైనట్టుంది, పైకెక్కాక చూస్తా..."

"దిగుతావా, దించనా?"

దిగాడు. సైకిలు బోర్లా పెట్టారు. అక్క క్రాంకు లాగేసింది. కుడి కప్పు అప్పటికే సగం బయటికొచ్చి ఉంది. పానా అవసరం లేకపోయింది. ఆవిడ రెండు వేళ్ళతో పట్టుకుని ఎడమకి తిప్పితే, సీసా మూతలా ఊడి అరచేతిలో పడింది. లోపల మరలు మెరుస్తూ కనిపించాయి. తమ్ముడు వంగి చూశాడు. ఇంకా వంగి చూశాడు. వేలితో మరల వాలు తడిమి చూశాడు.

"కుడి మర," అన్నాడు.

"డెబ్బై," అంది అక్క.

ఎదురుగా కనుమ దారి, ఒకదానిమీద ఒకటి పేర్చిన మలుపులు. అక్కడ లేచి నిలబడి ఊగేవాడు కదా. చెమట తుడుచుకున్నాడు. "మూడు వారాలు బిగించానా దాన్ని?" అన్నాడు.

"పైపు తొడిగి మరీ."

"నా భుజం ఇప్పటికీ నొప్పి."

"ఉండదూ? నా తప్పూ ఉందిలే. రంగు పోయాక ఇంకోసారి కొలవలేదు. నువ్వు నవ్వావని ఊరుకుని, ఆ నీలం చూసుకుని మర్చిపోయా."

"ఇంకెప్పుడూ నవ్వనక్కా."

"అబద్ధాలాడకు. అది పట్టుకో."

మరలు కిరసనాయిలుతో తుడిచింది. వదులు కాకుండా మొదటి మూడు మరల్లోకి సన్నటి దారం చుట్టింది. పాత పత్రికలో చదివిన కిటుకు. గోళీలు లెక్కపెట్టింది, పదకొండూ ఉన్నాయి. తమ్ముడు సైకిలు పట్టుకుంటే, పానా కొస మీద తన బరువంతా వేసి కుడికి లాగింది. ఇంకోసారి లాగింది. గడియారం కూడా వచ్చి ఒక చెయ్యి వేసింది. ముగ్గురూ కలిసి లాగాక అది ఇక కదలనంది.

తమ్ముడు రెండు గుడ్లు మింగి ఎక్కి కూర్చున్నాడు. అతన్ని పోనివ్వడానికి అక్కకి చెయ్యి రాలేదు. సీటు వెనకాల పట్టుకునే ఉంది.

"అక్కా, చిన్నప్పుడు నేర్పుతున్నట్టు పట్టుకున్నావు. వదులు."

వదిలింది. చప్పుడు లేకుండా, గొలుసు గుసగుసలు మాత్రం వినిపిస్తూ, లేత నీలం సైకిలు మొదటి మలుపెక్కింది.

గడియారం తన జీపులో అక్కని ఎక్కించుకుని కనుమ అవతలి ఊరికి తీసుకెళ్ళింది. దారిలో మలుపు మలుపుకీ అక్క వెనక్కి తిరిగి చూస్తుంటే, "ముందుకి చూడు చెల్లీ, ఎలాగూ అటే వస్తాడు," అంది. నాలుగున్నరకి వచ్చాడు. అరవై ఏడోవాడు. వీపు మీద పుట్లకొద్దీ గర్వం.

యాత్ర నడిపే సంఘానికి ఆ ఊళ్ళో ఒక రేకుల షెడ్డుంది. తాళం తీసి గడియారం దీపం వేసింది. పైకప్పుకి కొక్కేలు, కొక్కేలకి సైకిళ్ళు, నలభై మూడు. తొక్కడం మానేసినవాళ్ళు, తొక్కలేకపోయినవాళ్ళు, లోకంలోంచే వెళ్ళిపోయినవాళ్ళు వదిలినవి. వాటికి కట్టిన పేర్ల చీటీలు ఎలకలు తినేశాయి. "ఏది ఎవరిదో తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. మా ఆయన. పోయి పదకొండేళ్ళయింది," అంది గడియారం. "నాకు టైము తెలుసు కానీ ఇవి తెలీవు. ఇంటివాళ్ళు ఎవరైనా వచ్చి మా నాన్నది ఏదీ అని అడిగితే ఏదో ఒకటి చూపించి పంపిస్తున్నా. తప్పే."

అక్క భూతద్దం తీసి మొదటి కొక్కెం కింద నిలబడింది.

ఆదివారం మధ్యాహ్నం రైలుకి తమ్ముణ్ణి ఎక్కించడానికి అక్కా గడియారమూ స్టేషనుకి వచ్చారు. అతను కిటికీలోంచి, "బుధవారం వచ్చేస్తావుగా?" అన్నాడు.

"వచ్చేస్తా. ఆరు తేలాయి. ఇంకో నాలుగు చూసి వచ్చేస్తా."

"సంచీ ఎవరు సర్దుతారు నీకు?"

"సర్దడానికేముందిరా, ఉన్నది ఒక్క జత."

బుధవారం మరదలికి ఫోను చేసి పై బుధవారమంది. ఆ బుధవారం మరదలే చేసి, "వదినా, మీ మంచం మీద మీ తమ్ముడు టైర్లు ఆరబెట్టారు, మీరు రాకపోతే ట్యూబులు కూడా పెడతారట," అంది. "పెట్టుకోమను," అంది అక్క. పన్నెండో సైకిలు ముందు ఫోర్కు మీద మంచి చిక్కు పడిందట. చలికాలంలో తమ్ముడు, మరదలు వెళ్ళి చూసి వచ్చారు. షెడ్డు పక్కగదిలో రెండు మంచాలు, గోడమీద పానాలకి గీతలు, గడియారం టీ పెట్టడానికి కూడా స్టాపువాచీ నొక్కుతోంది. అక్క కొంచెం లావైంది. ఎవరి సైకిలు వాళ్ళ పిల్లలకి చూపించేటప్పుడు మాత్రం భూతద్దం పదేపదే తుడుచుకుంటుందని గడియారం చెప్పింది.

తొమ్మిదేళ్ళలో నలభై మూడింటిలో నలభై ఒకటి తేల్చింది. తమ్ముడు ఏటా యాత్రకి వెళ్ళి ఏటా తిరిగొచ్చాడు. మొదటి ఏడు, అక్టోబరు పద్నాలుగు, శనివారం, పొద్దున్న అయిదున్నర బస్సులో వెళ్ళిన అక్క ఆ ఇంటికి తిరిగి రాలేదు.